హక్కోజు వారి గోడ

నా చిన్నప్పుడు మేం ఆక్లండ్ శివారు హెండర్సన్‌లో అద్దెకుండే ఇంటి పక్కన ఒక మావోరీ ఆవిడ, ఆ దేశపు మూలవాసుల మనిషి, ఒంటరిగా ఉండేది. వీధిలో పిల్లలందరం ఆమెను నాన్ అని పిలిచేవాళ్లం. అక్కడ అమ్మమ్మనైనా నాయనమ్మనైనా అలాగే పిలుస్తారు. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు, ఆస్పత్రి లాండ్రీలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పట్లో తెలిసిందల్లా ఆమె పెరట్లో ఫీజోవా చెట్లున్నాయని, ఏప్రిల్ వచ్చిందంటే ఆ ఆకుపచ్చ కాయలు రాలి నేలంతా పరుచుకుంటాయని, వాటిని సంచుల్లో నింపి ఆమె ఇంటింటికీ పంచుతుందని మాత్రమే.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా మా నాయనమ్మ గుంటూరు జిల్లా పల్లెటూరి నుంచి మా దగ్గర కొన్నాళ్లు ఉండటానికి వచ్చింది. వచ్చిన వారంలోనే నాన్ ఇచ్చిన సంచిలోంచి ఒక కాయ తీసి కోసింది, వాసన చూసింది, నాలిక మీద పెట్టుకుంది. జామకాయా కాదు, అనాసా కాదు, రెండూ కలిసిన పులుపు. మర్నాడు దానితో పచ్చిమిరపకాయలు, జీలకర్ర వేసి రోటిపచ్చడిలా నూరి, వెల్లుల్లి తాలింపు పెట్టి, ఒక సీసాడు నాతో పక్కింటికి పంపింది. నాన్ దాన్ని బ్రెడ్డు మీద వెన్నతో పాటు రాసుకుని తిన్నదట. సాయంత్రం కారానికి కళ్లు ఎర్రగా చేసుకుని, ఖాళీ సీసాతో మా గుమ్మంలో నిలబడింది. ఇంకా కావాలని.

ఆ రోజు నుంచి మా నాయనమ్మ ఆమెను వదినా అని పిలవడం మొదలుపెట్టింది. నాన్ కూడా వారం తిరక్కుండానే ఆ మాట పట్టుకుని, మా నాయనమ్మను వదినా అనేసింది. ఇద్దరి మధ్యా ఉన్న మాట అదొక్కటే. మిగిలినవన్నీ నేను చేరవేయాలి. నా తెలుగు వంటింటి తెలుగు, నా ఇంగ్లీషు బడి ఇంగ్లీషు. వాటితోనే ఆ ఇద్దరు పెద్దవాళ్ల కబుర్లూ నడిచాయి.

మా నాయనమ్మ గురించి ఇంకో మాట చెప్పాలి. ఆవిడ వచ్చిన కొత్తలో ఆక్లండ్‌లో ఉన్న తెలుగువాళ్లు కొందరు కలిసి ఒక హాల్లో విందు చేసుకుంటే మమ్మల్నీ పిలిచారు. అక్కడ ఒకావిడ మా నాయనమ్మ పక్కన కూర్చుని ఎంతో ఆప్యాయంగా మాట్లాడుతూ, మీ ఇంటిపేరేంటండీ అని అడిగింది. నాయనమ్మ చెప్పింది. ఆ ఊళ్లో ఏ వైపు అని అడిగింది. అదీ చెప్పింది. ఆ తర్వాత ఆవిడకు వేరే ఎవరితోనో పని గుర్తొచ్చి లేచి వెళ్లింది. భోజనాలయ్యేదాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఈస్టర్ దగ్గరపడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నాన్ మా వంటింట్లో కూర్చుని, ముందు పెట్టిన టీ తాగకుండా కప్పును అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. నాయనమ్మ కాయలు కోస్తున్నదల్లా తలెత్తింది.

"ఏందంట? అడుగమ్మాయ్."

అడిగాను. నాన్ మొదట ఏం లేదంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టి ఆగలేదు. పుట్టిన కొత్తలోనే తనను ఎవరో తెల్లవాళ్ల ఇంటికి పెంపకానికి ఇచ్చేశారట. వాళ్లు మంచివాళ్లే గానీ, తన వాళ్లెవరో ఒక్కనాడూ చెప్పలేదు. తల్లి పేరు, ఉత్తరాన ఎక్కడో ఒక చోటు పేరు, అంతవరకే ఆమె దగ్గరున్నది. ఇప్పుడు ఆ చోటు నుంచి ఒక బడి టీచరమ్మ ఫోన్ చేసింది. నువ్వు మా మేనత్త కూతురివేమోనని నాకనిపిస్తోంది, ఈస్టర్‌కు మావాళ్లంతా మా మరాయ్‌లో కలుస్తున్నారు, ఇంటికి రా అని పిలిచింది. మరాయ్ అంటే ఒక వంశం వాళ్లందరికీ ఉమ్మడిగా ఉండే చోటు. పెళ్లయినా చావైనా అందరూ అక్కడే కలుస్తారు.

"నేను వెళ్లను," అంది నాన్. "అక్కడ ప్రతివాళ్లూ తమ కొండ పేరు, ఏటి పేరు, తాతముత్తాతల పేర్లు గడగడా చెప్పేస్తారు. నేనేం చెప్పాలి? ఆస్పత్రి దుప్పట్లు ఉతికానని చెప్పాలా? నా భాషే నాకు రాదు. ఎవరి పిల్లవని అడిగితే నిలబడి గుటకలు మింగడానికా నేను పోవడం?"

ఇదంతా నాకు చేతనైనట్టు నాయనమ్మకు చెప్పాను. ఆవిడ కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కుని వచ్చి నాన్ ఎదురుగా కూర్చుంది.

"నేనొక సంగతి చెబుతా. నువ్వు దాన్ని సరిగ్గా చెప్పు. సగం మింగేశావంటే ఊరుకోను," అంది నాతో.

ఆ సంగతి మా ఇంట్లో రాత్రిళ్లు బైబిల్ వాక్యం చదువుకునేటప్పుడు వచ్చేదే. అయితే ఆ భాగం వస్తే అందరం ఆవలించేవాళ్లం. అన్నీ పేర్లే ఉంటాయి, కథేమీ కనపడదు. అందులో మా నాయనమ్మకు ఒక కథ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

పూర్వం యూదుల దేశాన్ని బబులోను రాజు కొల్లగొట్టి, వాళ్ల గుడిని కూలగొట్టి, మనుషుల్ని చెరపట్టి తన దేశానికి తోలుకుపోయాడని చెప్పింది నాయనమ్మ. చెర అన్న మాటకు నాకు ఇంగ్లీషు తెలియదు. జైలు అని చెప్పాను. నాన్ కళ్లు పెద్దవి చేసుకుని, ఎంతకాలం అని అడిగింది. తాతలు పోయి మనవలు పెద్దవాళ్లయ్యేంత కాలం అంది నాయనమ్మ. "అయ్యో, అంత తప్పు ఏం చేశారు?" అంది నాన్. నేను మళ్లీ నాయనమ్మను అడిగి, జైలు కాదని, వాళ్లకు ఇళ్లూ పొలాలూ పిల్లలూ ఉన్నారని, సొంత ఊరికి పోనివ్వడం ఒక్కటే లేదని సర్దుకున్నాను. నాన్ నెమ్మదిగా తలూపింది. "ఓ, అదా. అది నాకు తెలుసు," అంది.

తర్వాత రాజు మారాడు. కొత్తరాజు, మీ ఊరికి మీరు పోండి అన్నాడు. వంశాలవారీగా బయల్దేరారు. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, పాటలు పాడేవాళ్లు, ముసలివాళ్లు. అందులో హక్కోజు అనే ఆయన వంశం వాళ్లు కూడా ఉన్నారు. మేం యాజకుల బిడ్డలం, గుళ్లో సేవ చేసిన వాళ్ల సంతానం అని వాళ్లు తమ పిల్లలకు చెప్పుకుంటూ వచ్చారు. తీరా ఊరు చేరాక, మీ పెద్దల పేర్లేవి, చూపించండి అన్నారు అక్కడివాళ్లు. వెతికారు. దొరకలేదు. అయితే మీరు బలిపీఠం దగ్గరికి రావద్దు, గుడి ప్రసాదం ముట్టుకోవద్దు, ఈ సంగతి దేవుణ్ణి అడిగి తేల్చేవాడు ఎవరైనా వచ్చేదాకా పక్కనుండండి అన్నారు.

ఇక్కడ నాన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అప్పుడు వెనక్కి పోయారా?"

నాయనమ్మకు చెబితే ఆవిడ విసుక్కుంది. "ఎక్కడికి పోతారమ్మా? వచ్చిందే ఇంటికి గదా!"

ఎన్నో ఏళ్లు గడిచాక ఆ ఊరి గోడ కట్టే పని పడింది. కూలిపోయిన గోడను ఇంత మేర నువ్వు కట్టు, ఇంత మేర నువ్వు కట్టు అని జనమంతా పంచుకున్నారు. పెద్దింటివాళ్లు కొందరు మెడ వంచి పని చేయలేదు. హక్కోజు వంశంలో పుట్టిన ఒక మనిషి మాత్రం వచ్చి తన వంతు కట్టాడు. అది అయిపోయింది. ఇంకాస్త ముందుకు చదువుకుంటూ పోతే, ఆ మనిషే మళ్లీ కనిపిస్తాడు. రెండో వంతు కడుతూ ఉంటాడు.

"మరి వాళ్ల పేర్లు దొరికాయా?" అని అడిగింది నాన్.

"దొరికినట్టు నేను చదవలా," అంది నాయనమ్మ. "గోడ కట్టినట్టు చదివా."

నాన్ చల్లారిన టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేసి, వదిన తనతో వస్తుందేమో అడగమంది.

మా నాన్నకు ఇది నచ్చలేదు. అది వాళ్ల కుటుంబ విషయం, మధ్యలో మనమెందుకమ్మా అన్నాడు. "ఆ కుటుంబం దొరికిందాకా ఆమె పక్కన ఎవరో ఒకళ్లు నడవాలిగా," అంది నాయనమ్మ. టీచరమ్మకు ఫోన్ చేస్తే, ఎంతమందైనా రండి అంది. అలా ఈస్టర్ శనివారం పొద్దున్నే నాన్న డ్రైవ్ చేస్తుంటే, అమ్మా నాయనమ్మా నాన్ వెనక, నేను ముందు సీట్లో, డిక్కీలో ఒక పెద్ద గిన్నెడు పులిహోరతో ఉత్తరానికి బయల్దేరాం.

దారిలో వాంగరె అనే ఊరు దాటేముందు పెట్రోల్ పోయించుకోవడానికి ఆగాం. నాన్ కారు దిగి కొంచెం దూరం నడిచి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఎంతసేపటికీ రాకపోతే నన్ను పంపారు. ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి. "కారు వెనక్కి తిప్పమని మీ నాన్నకు చెప్పు. నాకు చేతకాదు," అంది. అంత పెద్దమనిషి నాలాగా భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది. పరుగెత్తుకొచ్చి చెప్పాను. నాన్న, సరే పోదాం, బలవంతమేముంది అన్నాడు. నాయనమ్మ నిదానంగా దిగి, చీర సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని నాన్ దగ్గరికి వెళ్లింది.

"చెప్పు. వెనక్కే పోదాం వదినా, తప్పేం లేదు. కాకపోతే పొద్దున్నే లేచి ఇంత పులిహోర చేశా. దాన్ని పారేయలేను. వాళ్ల వాకిట్లో దించేసి వచ్చేద్దాం. నువ్వు కార్లోంచి దిగొద్దు, అద్దం కూడా దించొద్దు."

నేను అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. నాన్ మా నాయనమ్మ మొహంలోకి చూసింది. నాయనమ్మ మొహంలో ఏ భావమూ లేదు, పులిహోర గురించిన దిగులు తప్ప. నాన్ ముక్కు తుడుచుకుని, ఫక్కున నవ్వింది. ఆ మాట ఎందుకు అన్నదో ఆమెకు అర్థమైందని ఇప్పుడు నాకు తెలుసు. అర్థమయ్యే వచ్చి కార్లో కూర్చుంది.

మేం వెళ్లేసరికి టీచరమ్మ గేటు బయటే ఎదురుచూస్తోంది. కారు ఆగీ ఆగకముందే తలుపు తీసి నాన్‌ను వాటేసుకుంది. ఇక కార్లో కూర్చునే మాటెక్కడిది? ఇద్దరు కుర్రాళ్లొచ్చి పులిహోర గిన్నె పక్కదారిన మోసుకుపోయారు. మమ్మల్ని మాత్రం గేటు దగ్గరే నిలబెట్టారు. ఎదురుగా పచ్చిక, దాని అవతల ఎర్రరంగు వేసిన పెద్ద ఇల్లు, దాని ముందు జనం. నల్ల దుస్తుల్లో ఉన్న ఒక ముసలావిడ ముందుకొచ్చి గొంతెత్తింది. పాటా కాదు, ఏడుపూ కాదు. ఆ గొంతు పచ్చిక మీదుగా వచ్చి నా వీపు మీద రోమాలు నిలబెట్టింది.

నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవరన్నా పోయారా ఏంది?"

ఆవిడ అడిగింది తప్పేమీ కాదని తర్వాత తెలిసింది. ఆ కేకలో వచ్చినవాళ్లతో పాటు, వాళ్ల వెనకున్న చనిపోయిన పెద్దల్ని కూడా రమ్మని పిలుస్తారట. అంటే నాన్‌కు పేర్లయినా తెలియని ఆ తాతముత్తాతల్ని కూడా వాళ్లు లోపలికి పిలిచారన్న మాట. నాన్ కాళ్లు కదలలేదు. నాయనమ్మ రెండోచేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుంది. అలా ముగ్గురం కలిసి పచ్చిక మీద అడుగులో అడుగేసుకుంటూ నడిచాం.

వాళ్ల పెద్దమనిషి ఒకాయన లేచి మాట్లాడాడు, వెంటనే వాళ్లంతా ఒక పాట పాడారు. ఇప్పుడు మీ తరఫున మగవాళ్లెవరైనా మాట్లాడాలి అంది టీచరమ్మ గుసగుసగా. మా తరఫున మగవాడు నాన్న ఒక్కడే. పాపం, ఆయన గిడ్డంగిలో పనిచేసే మనిషి, ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పలేదు. లేచి, చొక్కా గుండీ తడుముకుంటూ, ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పాడు. "ఈమె మా పక్కింటావిడ. ఎవరి అమ్మాయో మాకు తెలియదు. మాకు చాలా కావలసిన మనిషి. ఒక్కత్తీ రావడానికి భయపడితే తీసుకొచ్చాం." అని కూర్చోబోయాడు. మాటయ్యాక పాట పాడాలి అంది టీచరమ్మ. నాన్న బిక్కచచ్చిపోయాడు. అప్పుడు మా నాయనమ్మ లేచి, కొంగు భుజం మీదుగా లాక్కుని, ఊళ్లో ఆదివారాలు పాడే తెలుగు కీర్తన ఎత్తుకుంది. అమ్మ కలిసింది, నేను కలిశాను. ముక్క అర్థం కాకపోయినా నాన్ కూడా లేచి మా వెనక నిలబడింది.

పాటయ్యాక వరసగా వెళ్లి ఒక్కొక్కరి నుదుటికి నుదురు, ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకున్నాం. నల్ల దుస్తుల ముసలావిడ నాన్ దగ్గరకొచ్చి రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుంది. "ఎవరి పిల్లవు?" అంది.

"తెలియదు," అంది నాన్.

తల్లి పేరు చెప్పింది. పక్కనున్న పెద్దాయన కాసేపు ఆలోచించి, ఆ పేరు గలవాళ్లు మా కుటుంబంలో లేరే అన్నాడు. మరొకాయన, ఆ పేరు కొండవతల వాళ్లలో విన్నట్టుంది అన్నాడు. టీచరమ్మ మొహం పాలిపోయింది. ఇన్నాళ్లూ వెతికింది తనే. నాన్ చూపులు నేలకు దిగాయి. నేను నాయనమ్మ చెవిలో, పేరు దొరకలేదట అని చెప్పాను. ముసలావిడ మాత్రం, ముందు తినండి, పేర్ల సంగతి తిన్నాక చూద్దాం అంది.

భోజనాలు వేరే హాల్లో. నేలలో గొయ్యి తీసి, కాల్చిన రాళ్ల మీద ఉడికించిన మాంసం, చిలగడదుంపలు, గుమ్మడికాయ. మధ్యలో మా పులిహోర. అందరూ నాన్‌తో మంచిగానే మాట్లాడారు. కూర్చోండి, ఇంకొంచెం వేసుకోండి, మీరు లేవకండి అన్నారు. ఆ మర్యాదలో ఆమె ఇంకా ముడుచుకుపోయింది. కంచంలో ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఉన్నట్టుండి ఆమె లేచింది. కార్డిగన్ విప్పి కుర్చీకి తగిలించి, చేతులు పైకి మడిచి, నేరుగా వంటింట్లోకి నడిచింది. అక్కడ కంచాలు గుట్టలుగా పడున్నాయి. ఒక గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. ఎవరూ ఆమెను పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. నాయనమ్మ అది చూసి, కొంగు బొడ్లో దోపుకుని ఆమె వెనకే వెళ్లింది. కొంచెంసేపట్లో నాయనమ్మ తోముతుంటే నాన్ తుడుస్తోంది. పక్కన నలుగురు ఆడవాళ్లు పాటలు పాడుకుంటూ గిన్నెలు సర్దుతున్నారు. నేను గడపలో నిలబడ్డాను.

తడిసిపోయిన గుడ్డల్ని నాన్ ఒక బకెట్లో పడేసింది. అందులో అప్పటికే నేల తుడిచిన గుడ్డలున్నాయి. లాండ్రీలో అన్నీ ఒక్కచోట వేసే అలవాటు ఆమెది. అప్పుడే లోపలికొచ్చిన ముసలావిడ అది చూసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్? గిన్నెల గుడ్డలు వాటితో కలుపుతారా ఎక్కడైనా? తియ్యి! ఇంత వయసొచ్చింది, నీకెవరూ నేర్పలేదా?"

వంటింట్లో పాట ఆగిపోయింది. నాన్ గుడ్డలు బయటికి తీసి, రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. "లేదు, ఎవరూ నేర్పలేదు," అంది. "అయితే నేను నేర్పుతాను. ఇటు రా," అంది ముసలావిడ అదే కోపంతో. వేరే బకెట్ చూపించింది. ఏ గుడ్డ ఎక్కడ, ఏ కంచం ఏ అరలో, ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ కూర్చోకూడదు, అంతా కసురుతూనే చెబుతోంది. నాన్ ఒక్కొక్కదానికీ తలూపుతోంది. ఆమె మొహం చూస్తే నాకు అయోమయంగా ఉంది. పొద్దున్నుంచీ ఎవరు ఎంత మర్యాదగా మాట్లాడినా కుదుటపడని మనిషి, తిట్లు తింటూ వెలిగిపోతోంది.

నాయనమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. "ఏమందావిడ?"

"తిట్టింది నాయనమ్మా. గిన్నెల గుడ్డలు నేల గుడ్డలతో కలిపేసిందని."

"మరి తిట్టదా? మనింట్లో మాత్రం కలుపుతామా?" అని, సబ్బు నురగ చేతులతోనే నాయనమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "తిట్టిందీ? ఇంకేం మరి, పనైపోయింది. చుట్టాలను తిట్టరే పిచ్చిదానా. ఇంట్లోవాళ్లనే తిడతారు."

ఆ సాయంత్రం నాన్ మాతో తిరిగి రాలేదు. రాత్రికి అందరితో పాటు ఆ పెద్దింట్లోనే పడుకుంటాననీ, బస్సులో వస్తాననీ చెప్పింది. ముసలావిడ మాతో మాట్లాడటానికి కూడా ఆమెను ఎక్కువసేపు వదల్లేదు. బంగాళాదుంపల బస్తా విప్పే పనుందట.

తిరుగు ప్రయాణంలో నేను వెనక సీట్లో నాయనమ్మ ఒళ్లో తల పెట్టుకుని, నీకు ఆ హక్కోజు వాళ్లంటే ఎందుకంత ఇష్టమని అడిగాను. ఆవిడ కిటికీలోంచి గొర్రెల్ని చూస్తోంది. అలా చూస్తూనే చెప్పింది. తన తాత తమ ఊరి కాలవ గట్టు కట్టినప్పుడు రాళ్లు మోశాడట. ఆయన కట్టిన గట్టు మీదుగానే ఊరంతా నడిచేది. అదే కాలవలో నీళ్లు ముంచుకోవాలంటే ఆయన మాత్రం దిగువకు వెళ్లాల్సి వచ్చేది. "ఆయన తండ్రి పేరేందో మాకు తెలీదమ్మా. ఎవరూ ఎక్కడా రాయలా," అంది నాయనమ్మ. "అందుకని ఆ హక్కోజు వాళ్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు మావాళ్లే అనిపిస్తారు." ముందు సీట్లో అమ్మ కళ్లు తుడుచుకోవడం కనిపించింది. విందులో ఖాళీగా ఉండిపోయిన ఆ కుర్చీ సంగతి అప్పుడు నాకు కొంచెం అర్థమైంది.

నాన్ ఆ తర్వాత నెలకోసారి అక్కడికి వెళ్లేది. భోజనాల హాలుకు రంగులేయాలని ఒకసారి, చావు జరిగిందని ఒకసారి. కొన్నాళ్లకు హెండర్సన్ ఇల్లు ఖాళీ చేసి అక్కడికే వెళ్లిపోయింది. చాలాకాలం తర్వాత అసలు సంగతి తేలింది. ఆ రెండో పెద్దాయన అన్నదే నిజం. ఆమె తల్లి కొండవతల వాళ్లమ్మాయి. అప్పుడు వాళ్లూ పిలిచారు, వెళ్లింది. ఇవతలివాళ్లు మాత్రం, అయితే ఏంటి, నువ్వు మా మనిషివే అన్నారట. నాయనమ్మ ఊరికి వెళ్లిపోయాక నాన్ ఒకసారి మాకు ఫోన్ చేసి, ఈ కబురు వదినకు చెప్పమంది. "ఇప్పుడు నాకు రెండు చోట్ల గిన్నెలు తుడిచే పని పడిందని చెప్పు," అంది. ఇండియాకు ఫోన్ చేసి ఆ మాట చెబితే, నాయనమ్మ అవతల్నుంచి నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. ఇప్పుడు ఇద్దరూ లేరు.

నేనిప్పుడు ఆక్లండ్‌కు దక్షిణాన పాపకూరలో ఉంటున్నాను. నన్ను ఆంటీ అని పిలిచే పిల్లలు చాలామందే ఉన్నారు. మా ఆదివారం ప్రార్థన కూటానికి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. చదువుకోవడానికి వచ్చి ఉద్యోగాల్లో చేరినవాళ్లు, ఎవరితోనో గొడవపడి ఇల్లు వదిలినవాళ్లు, ఏ గుంపులోనూ ఇమడక ఇక్కడిదాకా వచ్చినవాళ్లు. గుమ్మంలో నిలబడి, ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని బెదురుగా చూస్తుంటారు. నేను ఇంటిపేరు అడగను. ఎవరి తాలూకు అని అడగను. కూర్చోండి అని కూడా అనను. అందరి భోజనాలకని ఉల్లిపాయలు ముందు పెట్టి కోయమంటాను. లావుగా కోస్తే, ఇలాగా కోసేది అని కసురుతాను. మొదటిసారి వచ్చినవాళ్ల మీద నీ నోరేంటి, మళ్లీ వస్తారా వాళ్లు అని మావారు నొచ్చుకుంటారు.

వస్తారు. చాలామంది వస్తారు. ఆ రోజు ఆ వంటింట్లో నాన్ మొహం చూసినదాన్ని నేను. ఆయన ఎంత నొచ్చుకున్నా ఈ కసరడం మాత్రం మానుకోను.